పెరటి కోళ్ళు తోలుగుడ్లు పెడతన్నాయి, మేత ఏం మార్చాలి?

అన్నలూ అక్కలూ, మాది కావలి దగ్గర పల్లె. పెరట్లో తొమ్మిది పెట్టలున్నాయి, ఇన్నాళ్ళూ నూకలు, తవుడు, మిగిలిన అన్నం ఏదుంటే అది చల్లేదాన్ని, పగలంతా తిరిగి పురుగూ పుట్రా ఏరుకుంటాయిలే అనుకున్నా. పది రోజుల్నించి రెండు పెట్టలు తోలుగుడ్లు పెడతన్నాయి, నిన్న పొద్దున గంప ఎత్తితే ఒక గుడ్డుకి పెంకే లేదు, చేతిలోకి తీసుకుంటే నీళ్ళ సంచి లాగా మెత్తగా ఊగతా ఉంది, ఇంకోటి అవే పొడుచుకుని తినేశాయి, చూసి ప్రాణం ఉసూరుమంది.

గుడ్లు పెట్టే కోడి మేతలో ప్రోటీన్ 16 నుంచి 18 శాతం, కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉండాలంట, నూకలూ తవుడుతో అంత రాదుగా. గుడ్లు పెట్టే కోళ్ళకని అమ్మే లేయర్ మేత బస్తా తెచ్చేదా, లేకపోతే మొక్కజొన్న, సజ్జలు, వేరుశనగ చెక్క, ఎండు చేపల పొడి కలిపి ఇంట్లోనే చేసుకునేదా? కార్తీకం వానలకి చెక్క బూజు పడితే కోళ్ళకి విషమే, నాకు ఆ భయం ఎక్కువ. కాల్షియం కోసం తుమ్మలపెంట బీచ్‌లో గుల్లలు ఏరుకొచ్చి బాగా కడిగి దంచి విడిగా చిప్పలో పెడితే సరిపోద్దా? ఆరు వారాల పిల్లలు నాలుగు కూడా వీటితోనే తింటన్నాయి, అంత కాల్షియం పిల్లల కిడ్నీలకి మంచిది కాదు, మరి మేత ఎట్టా వేరు చేసేది? చేసి చూసినవాళ్ళు కాస్త కొలతలతో చెప్పండి.