బత్తిలి నుంచి కొత్తూరుకి రోడ్ సైకిల్ వెళ్లే దారి ఏది?

మాది ఆంధ్రా సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. కాశీనగరం మీదుగా గుణుపూర్ వెళ్లి, తిరుగు ప్రయాణంలో బత్తిలి, భామిని, కొత్తూరు, హిరమండలం, పాతపట్నం మీదుగా ఇంటికి చేరాలని రెండుసార్లు బయల్దేరాను, రెండుసార్లూ బత్తిలి దాటాకే ఆగిపోయాను. నాది రోడ్ బైక్, అంటే సన్న టైర్ల సైకిల్; 28 ఎంఎం టైర్లు, గాలి 75 పీఎస్ఐ.

గుణుపూర్ దాకా ఏ ఇబ్బందీ లేదు. ఉదయం 5 గంటలకి బయల్దేరితే వంశధార మీద మంచు ఇంకా విడవదు, కొన్నిచోట్ల నౌపడా-గుణుపూర్ రైలు పట్టా పక్కనే వస్తుంది, చిన్న చిన్న ఎత్తుపల్లాలు కాళ్లకి హాయిగా ఉంటాయి. ఇంత మంచి దారి మన దగ్గర ఉన్నందుకు నిజంగా సంతోషం.

సమస్యంతా తర్వాతే. మొదటిసారి అలికాం-బత్తిలి మెయిన్ రోడ్డు పట్టుకున్నాను, గోతులు తప్పించుకుంటూ లారీల మధ్య వెళ్లడం టెన్షన్ అయిపోయి భామినిలోనే సైకిల్ ఆటో ఎక్కించేశాను. రెండోసారి ఫోన్ మ్యాప్‌ని నమ్మితే కాలువ గట్టు మీదకి తీసుకెళ్లింది, మూడు కిలోమీటర్లు వెళ్లేసరికి మొరం రాయి గుచ్చుకుని వెనక టైరు పక్కన అంగుళం మేర చిరిగింది. ట్యూబు బయటికి ఉబ్బకుండా చిరిగిన చోట టైరు లోపల పది రూపాయల నోటు మడిచి పెట్టి, గాలి 50కి తగ్గించి మెల్లగా వెనక్కి వచ్చాను. శాటిలైట్ మ్యాప్ కూడా చూశాను గానీ అందులో తారు రోడ్డుకీ సిమెంటు రోడ్డుకీ మట్టి దారికీ తేడా తెలియడం లేదు.

బత్తిలి నుంచి కొత్తూరు దాకా మెయిన్ రోడ్డు ఎక్కకుండా, మొత్తం తారు లేదా సిమెంటు రోడ్డు మీదే వెళ్లాలంటే ఏయే ఊళ్ల మీదుగా వెళ్లాలి?