ఇంగ్లీష్ ఫైనాన్స్ పదాలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న:
ఇంగ్లీష్ బాగానే చదువుతాను, మామూలు వార్తలకి ఇబ్బంది లేదు. కానీ బిజినెస్ పేజీ తిప్పినా, ఏదైనా ఫండ్ పత్రం తెరిచినా ఈక్విటీ, యీల్డ్, బేసిస్ పాయింట్స్, ఎక్స్‌పోజర్ అంటూ అడుగడుగునా ఆగిపోతున్నా. జాబితాలు బట్టీ పడితే కొద్దిరోజులకే అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. డబ్బు పెట్టేముందు కాగితంలో ఏం రాసుందో ఎవర్నీ అడక్కుండా తెలుసుకోవాలని ఉంది. ఏ పదాలు ముందు నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి?

జవాబు 1:
జాబితా పక్కన పెట్టేయండి. ఏదైనా లిస్టెడ్ కంపెనీ, అంటే షేర్లు స్టాక్ మార్కెట్‌లో అమ్ముడయ్యే కంపెనీ, యాన్యువల్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసుకోండి, ఉచితంగానే దొరుకుతుంది, అందులో మూడు పట్టికలు చదివితే సగం పదాలు వచ్చేస్తాయి. బ్యాలెన్స్ షీట్‌లో అసెట్స్ అంటే కంపెనీకి ఉన్నవి, రావాల్సినవి. లయబిలిటీస్ అంటే తీర్చాల్సినవి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది ఈక్విటీ. మార్కెట్ వార్తల్లో ఈక్విటీ అంటే షేర్లు, ఇంటి లోన్ విషయంలో అయితే ఇంటి విలువలోంచి బాకీ పోగా మిగిలిన మన వంతు. ఎక్కడ వాడినా లోపలున్న లెక్క ఒకటే, అప్పులవాళ్లది పోగా సొంతదారుకి మిగిలేది. ఇది పట్టుకుంటే మళ్లీ తికమకపడరు.

ఇన్‌కమ్ స్టేట్‌మెంట్‌లో అన్నిటికంటే పైన రెవెన్యూ (అమ్మకాల మీద వచ్చిన ఆదాయం), అడుగున నెట్ ప్రాఫిట్ (ఖర్చులన్నీ పోగా మిగిలిన లాభం) ఉంటాయి, అందుకే వాటిని టాప్ లైన్, బాటమ్ లైన్ అంటారు. ఇక క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. సరుకు అరువుకి అమ్మితే లాభం లెక్కలోకి ఎక్కేస్తుంది, డబ్బు మాత్రం ఇంకా చేతికి రాదు, ఆ తేడా ఇక్కడ బయటపడుతుంది.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తున్నా, కానీ చదివితే సరిపోదు, కాగితం మీద లెక్క వేయాలి. యీల్డ్ తీసుకోండి. బాండ్ అంటే మన దగ్గర అప్పు తీసుకున్నట్టు రాసిచ్చే పత్రం. ముఖవిలువ (గడువుకి తిరిగిచ్చే అసలు) 1000, కూపన్ (ఏటా ఇచ్చే వడ్డీ) 5 శాతం ఉన్న బాండ్ ఏటా 50 ఇస్తుంది. మార్కెట్‌లో దాని ధర 900కి పడిపోయిందనుకోండి, ఇప్పుడు కొన్నవాళ్లకీ అదే 50 వస్తుంది, అంటే పెట్టిన 900 మీద దాదాపు 5.6 శాతం. దాన్నే కరెంట్ యీల్డ్ అంటారు. బాండ్ యీల్డ్స్ పెరిగాయన్న వార్త చదివితే ధరలు తగ్గాయని ఎందుకు అర్థం చేసుకోవాలో ఈ చిన్న లెక్క చేసినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బేసిస్ పాయింట్స్ కూడా ఇలాగే. ఒక బేసిస్ పాయింట్ అంటే ఒక శాతంలో వందో వంతు. వడ్డీ 5 శాతం నుంచి 6 శాతానికి వెళ్తే ఒకరు ఒక శాతం పెరిగిందంటారు, ఇంకొకరు 20 శాతం పెరిగిందంటారు, లెక్క ప్రకారం ఇద్దరికీ ఆధారం ఉంది. 100 బేసిస్ పాయింట్లు పెరిగింది అంటే ఇక గొడవే లేదు.

జవాబు 3:
తెలియని పదాలకంటే తెలుసనుకునే పదాలతోనే జాగ్రత్త! ఔట్‌స్టాండింగ్ లోన్ అంటే గొప్ప లోన్ కాదు, ఇంకా తీర్చాల్సిన బాకీ. మెచ్యూరిటీ అంటే అసలు తిరిగొచ్చే గడువు. హెడ్‌లైన్లలో క్రియలు కూడా గమనించండి, ఎడ్జ్‌డ్ అప్ అంటే కాస్తంత పెరిగాయి, సర్జ్‌డ్ అంటే ఒక్కసారిగా బాగా పెరిగాయి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, బాండ్ లెక్క ఇప్పుడే వేసి చూశా, అర్థమైంది. మరి ఫండ్ పత్రంలో ముందు ఏ పదాలు వెతకాలి?

జవాబు 1:
ముందు ఎక్స్‌పెన్స్ రేషియో. లాభమొచ్చినా నష్టమొచ్చినా ఫండ్ సొమ్ములోంచి ఏటా పోయే ఖర్చు అది, మీకు విడిగా బిల్లు రాదు కాబట్టి కనబడదు. తర్వాత లాక్-ఇన్, ఎగ్జిట్ లోడ్, అంటే ఎన్నాళ్లు బయటికి రాలేరు, ముందే వస్తే ఎంత కోస్తారు. రాబడి గురించిన వాక్యంలో ప్రాజెక్టెడ్, ఇండికేటివ్ అని ఉంటే అది అంచనా మాత్రమే. గ్యారంటీడ్ అని ఉంటే ఆ హామీ ఎవరిస్తున్నారో కూడా చూడండి, స్పష్టంగా లేకపోతే రాతపూర్వకంగా అడగండి.