చెస్: ఎక్స్ఛేంజ్ ఫ్రెంచ్‌లో 14 ఎత్తులకే డ్రా: తప్పా, ఒప్పా?

పటమట నాన్న:
ఆదివారం విజయవాడ టోర్నమెంట్‌లో మా పాపకి నల్లపావులు వచ్చాయి. అవతలి అబ్బాయి రేటింగ్ చాలా ఎక్కువ. పాప ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ ఆడితే, అతను మూడో ఎత్తుకే బంట్లు మార్చేశాడు, అదే ఎక్స్ఛేంజ్. ఇక రెండు వైపులా ఒకటే ఆకారం. ఈ-ఫైల్ (బోర్డు మధ్యలోని నిలువు వరస) మీద ఒక జత ఏనుగులు పోయాయి. 14వ ఎత్తు వేసి అతనే డ్రా అడిగాడు, పాప సరేనంది. కోచ్ గారేమో “ఆడకుండా లేచొచ్చావు” అని కోప్పడ్డారు. అర పాయింట్ వచ్చింది కదా, తప్పేముంది?

గుంటూరు కోచ్:
మీ కోచ్ గారిదే రైట్ అండి. సమానం అంటే అయిపోయినట్టు కాదు. వరల్డ్ ఛాంపియన్‌షిప్‌కి దారితీసే టోర్నమెంట్ 1990 మనీలా ఇంటర్‌జోనల్ చివరి రౌండ్‌లో మిఖాయిల్ గురేవిచ్‌కి డ్రా చాలు, తర్వాతి మెట్టు క్యాండిడేట్స్‌కి వెళ్లిపోతాడు. తెల్లపావులతో ఇదే ఎక్స్ఛేంజ్ ఆడాడు. నైజెల్ షార్ట్ నల్లపావులతో అతన్ని ఓడించాడు!

అరండల్‌పేట ప్లేయర్:
పెద్దవాళ్లు డ్రా చేసుకుంటే టెక్నిక్, పిల్లలు చేసుకుంటే భయమా? 2018 వరల్డ్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో కార్ల్‌సన్, కరువానా ఆడిన 12 క్లాసికల్ (ఎక్కువ టైమ్ ఉండే) గేములూ డ్రానే. 2025 మహిళల వరల్డ్ కప్ ఫైనల్లో మన హంపి, దివ్య ఆడిన రెండు క్లాసికల్ గేములూ డ్రానే. నల్లపావులతో బలమైనవాడి మీద అర పాయింట్ అంటే మంచి రిజల్టే.

గుంటూరు కోచ్:
2018లో మొదటి గేమే 115 ఎత్తులు నడిచింది తమ్ముడూ. అది కొట్లాడి తెచ్చుకున్న డ్రా. ఇక్కడ మంత్రులున్నాయి, ఇంకో జత ఏనుగులున్నాయి. అసలు బలమైనవాడు తనంతట తానే డ్రా అడిగాడంటే అతనికీ ఏమీ దొరకలేదనేగా? వెంటనే ఒప్పుకోనక్కర్లేదు. పాప వద్దనేదాకా, లేదా ఎత్తు వేయడానికి పావు ముట్టుకునేదాకా ఆ ఆఫర్ అలాగే ఉంటుంది. అతను వెనక్కి తీసుకోలేడు. కూర్చుని ఆలోచించుకోవచ్చు. గడియారంలో ఎంత మిగిలింది?

పటమట నాన్న:
50 నిమిషాల పైనే. రేటింగ్ చూసి టెన్షన్ పడ్డానంటోంది.

అరండల్‌పేట ప్లేయర్:
అంత టైమ్ ఉందా! అయితే ఆలోచించాల్సిందే. కానీ 30 ఎత్తుల లోపు డ్రా అడగకూడదని రూల్ పెట్టమని మాత్రం అనకండి. మూడుసార్లు అదే పొజిషన్ తెచ్చి డ్రా చేసుకునేవాళ్లని ఏ రూలూ ఆపలేదు.

గుంటూరు కోచ్:
రూల్ సంగతి వదిలేయండి. స్కోర్‌షీట్ ఫోటో పెట్టండి సార్, ఆ పొజిషన్ నుంచి ఏం ఆడొచ్చో చూద్దాం.

పటమట నాన్న:
సాయంత్రం పెడతాను. కానీ ఆ అర పాయింట్ తప్పంటే మాత్రం ఒప్పుకోను.