‘స్టే వచ్చీసింది’ అంటే ఏం వచ్చినట్టు?

మా చిన్నాన్న మొన్న ఫోన్ చేసి, "స్టే వచ్చీసింది తల్లీ, ఇంక భూమి మనదే. బోరు తవ్వించీస్తాను" అన్నారు. ఆయన గొంతులో సంతోషం విని నాకు భయం వేసింది. ఆమదాలవలస దగ్గర ఆయనకున్నది 1 ఎకరా 20 సెంట్ల పల్లం. దాన్ని అవతలివాళ్లకు అప్పగించమని కింది కోర్టు డిక్రీ ఇచ్చింది. ఆ తీర్పు ఇంకా అలాగే ఉంది. ఆగింది దాని అమలు ఒక్కటే.

అంతకుముందు ఇంకో మాట ఆయన్ని ముంచబోయింది. "అప్పీలు వేసీసినాం" అని రెండు నెలలు నిశ్చింతగా పడుకున్నారు. అప్పీలు వేస్తే తీర్పు దానంతటదే ఆగిపోతుందని ఊళ్లో అందరూ అనుకుంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 5వ రూలు మొదట్లోనే ఆ మాట కాదంటుంది. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు, ఆపమని విడిగా పిటిషన్ పెట్టుకోవాలి. ఈలోగా అవతలివాళ్లు ఈపీ, అంటే డిక్రీని అమలు చేయించమని కోర్టులో పిటిషన్, వేశారు. వారెంటు పట్టుకుని అమీనా, అంటే కోర్టు ఉద్యోగి, గట్టు మీదికి వచ్చేసరికి వరి ఉడుపులై వారం కూడా కాలేదు. ఆ రోజు మా పిన్ని పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను.

అందుకే మన గుంపులో అడుగుతున్నాను. స్టేకి పత్రికలు ‘నిలుపుదల’, ‘నిలిపివేత’ రెండూ రాస్తాయి. నా చెవికి ఇవి ఒకటి కావు. ‘వేత’ చేరేసరికి పని పూర్తిగా అయిపోయిన ధ్వని వస్తుంది. కూల్చివేశాక గోడ ఉండదు, కొట్టివేశాక దావా ఉండదు. ‘తీర్పు నిలిపివేత’ అని చదివినవాళ్లు తీర్పే పోయిందనుకుంటే వాళ్ల తప్పు ఏముంది? నిలుపుదలలో ఆ ముగింపు లేదు. నిలిపినది మళ్లీ కదలొచ్చు. మీ వైపు ఏమంటారు?

చీపురుపల్లి నుంచి ఒక సభ్యుడు:

బాగా పట్టుకున్నారమ్మా. ‘దల’ చివర వచ్చే మాటలు చూడండి. పెరుగుదల, తగ్గుదల, ఎదుగుదల, ఇవి వాటంతటవే జరిగేవి. పట్టుదల, నిలుపుదల మాత్రం ఒకరు పూనుకుంటేనే జరుగుతాయి. నిలుపుదల అనగానే నిలిపినవాళ్లు ఒకరున్నారని తెలుస్తుంది. నిలిపినవాళ్లు షరతు పెట్టగలరు, కావాలంటే తీసేయగలరు. ‘స్టే’ అన్న ఒక్క అక్షరంలో ఇదేమీ వినపడదు.

మా ఊళ్లో ఇంకో ఇబ్బంది ఉంది. స్టే వచ్చినా, ఇంజక్షన్ ఆర్డరు వచ్చినా "ఆర్డరు తెచ్చుకున్నాడు" అనే అంటారు. రెండూ వేరు. ఇంజక్షన్ మనిషిని ఆపుతుంది, స్టే కోర్టును ఆపుతుంది. 1967లో సుప్రీంకోర్టు ఈ తేడా వివరంగా చెప్పింది. అమలు జరిపే కోర్టుకు స్టే సంగతి తెలిసేదాకా ఆ కోర్టు చేతులు కట్టినట్టు కాదు. ఆర్డరు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేస్తే చాలదు, దాని కాపీ ఆ కోర్టులో వేయాలి.

టెక్కలి నుంచి ఒక సభ్యురాలు:

మా నాన్నగారు ప్లీడరు గుమస్తాగా చేశారండీ. చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ వినపడిన మాటలు అమలు, జారీ, దఖలు. మూడూ అరబ్బీ నుంచి వచ్చినవే. అమలంటే పని. జారీ అంటే పారడం. దఖలు అంటే లోపలికి ప్రవేశించడం. వరసగా చెప్పుకుంటే డిక్రీ పారుకుంటూ వచ్చి పొలంలో దిగడమే. నాన్నగారు పల్లెల నుంచి వచ్చినవాళ్లకి, "స్టే అంటే మడవ కట్టడమే నాయనా, కాలవ ఎండిపోలేదు" అని చెప్పేవారు. మడవ అంటే కాలవ నీళ్లు పొలంలోకి వెళ్లే గండి. నాకు తెలిసి ఇంతకంటే మంచి తెలుగు లేదు.

ఆ మడవ కూడా ఊరికే కట్టరు. స్టే ఇవ్వకపోతే గట్టి నష్టం జరుగుతుందా, ఆలస్యం లేకుండా వచ్చారా, రేపు అప్పీలు ఓడిపోతే డిక్రీకి కట్టుబడతామని జామీను ఇచ్చారా, ఇవన్నీ చూస్తారు. అప్పీలుకే జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు గడువు. అది దాటితే ముందు ఆ ఆలస్యం సంగతి తేలాలి. ‘గడువు’ మాట కూడా ‘గడుచు’ నుంచే కదండీ, అది ఎవరి కోసమూ ఆగదు.

తిరిగి నేను:

మడవ మాటకి మీకు చేతులెత్తి దండం పెడుతున్నానండీ. నిన్న రాత్రి చిన్నాన్నకి అదే చెప్పాను. ఆయన ఆర్డరులో షరతు ఉంది. అప్పీలు తేలేదాకా ఏటేటా పంట విలువ కోర్టులో కట్టాలి. ‘భూమి మనదే’ అయితే పంట డబ్బు కోర్టుకెందుకు కడతాం చిన్నాన్నా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే బోరు మానీమంటావా?" అన్నారు. అప్పీలు కొట్టేస్తే నిలుపుదల దానితోనే పోతుంది, బోరు అవతలివాళ్ల పొలంలో మిగులుతుంది అన్నాను.

1992లో సుప్రీంకోర్టు ఇంకో తీర్పులో చెప్పిన తేడా ఇక్కడ మనకి పనికొస్తుంది. ఉత్తర్వును కొట్టివేస్తే అది పుట్టకముందున్న స్థితి తిరిగొస్తుంది. స్టే ఇస్తే ఆ రోజు నుంచి అది పనిచేయదు, అంతేగాని తుడిచిపెట్టుకుపోదు. చక్కని తెలుగులో ఒకటి కొట్టివేత, ఒకటి నిలుపుదల. పత్రికల్లో పనిచేసేవాళ్లు మన గుంపులో ఉన్నారు. ‘తీర్పు నిలిపివేత’ అనకుండా ‘తీర్పు అమలు నిలుపుదల’ అని రాయండి, దయచేసి. ఒక మాట ఎక్కువవుతుంది, చోటు చాలదంటారు. మా చిన్నాన్నలాంటివాళ్లు చదివేది ఆ పెద్దక్షరాలే.

చీపురుపల్లి మాస్టారూ, మీరన్న కాపీ సంగతి కూడా అడిగాను. ఈపీ నడిచే కోర్టులో ఇంకా వేయలేదట, బీరువాలో దాచారట. సోమవారం పొద్దున్నే వెళ్లి వేయిస్తానన్నారు. నేనూ వెంట వెళ్తున్నాను.