ఈబీ ఉన్న పిల్లల దురదకు సీబీడీ నూనె పూయొచ్చా?

నందిని, వరంగల్:
మా బాబుకి ఆరేళ్లు. ఈబీ, అంటే ఎపిడెర్మోలిసిస్ బులోసా, అందులో డిస్ట్రోఫిక్ రకం. కాస్త రాపిడి తగిలినా చర్మం ఊడొస్తుంది. నొప్పికైనా ఓర్చుకుంటాడు గానీ దురదకి ఓర్చుకోలేడు. రాత్రి చేతులకి మెత్తటి గుడ్డ చుట్టినా మడమతో పిక్కని రుద్దేస్తాడు. పొద్దున కట్టు తడిపి తీస్తే కింద కొత్త పుండు. దురదకిచ్చే హైడ్రాక్సిజిన్‌తో మత్తుగా పడుకోవడమే తప్ప దురద తగ్గలేదు. అమెరికాలో ముగ్గురు ఈబీ పిల్లలకి సీబీడీ, అంటే గంజాయి మొక్క నుంచి తీసే మత్తెక్కించని పదార్థం, పూస్తే బొబ్బలు తగ్గాయని, ఒకరు నొప్పి మందులే మానేశారని 2018లో రాశారట. ఇక్కడ ‘విజయ’ పేరుతో అలాంటి నూనె అమ్ముతున్నారు. ఎవరైనా వాడారా?

శ్రీధర్, ఫార్మసిస్టు, గుంటూరు:
నందిని గారూ, తొందరపడకండమ్మా. ఆ ముగ్గురికీ ఇంట్లోవాళ్లే సొంతంగా మొదలుపెట్టారు. వాడనివాళ్లతో పోల్చి చూసింది లేదు. పైగా పచ్చి పుండు మీద పూస్తే ఎంత ఒంట్లోకి పోతుందో లెక్క ఉండదు. ఇదే సీబీడీని మూర్ఛకి ఎపిడియోలెక్స్ పేరుతో తాగిస్తారు, దానికే లివర్ పరీక్షలు తప్పనిసరి. బాబుకి లివర్ మీద భారం పెంచే వాల్‌ప్రోయేట్ (మూర్ఛ మందు) లాంటివి ఏమైనా ఇస్తున్నారా?

కిరణ్, డల్లాస్:
శ్రీధర్ గారూ, ఇంత అరుదైన జబ్బుకి వేలమందితో ట్రయల్ ఎప్పటికి జరిగేను? అప్పటిదాకా పిల్లాడు గోక్కుంటూ ఉండాలా? నెదర్లాండ్స్‌లో నాలుక కింద నూనె వేసుకున్న ముగ్గురు ఈబీ పేషెంట్లకి నొప్పీ దురదా రెండూ తగ్గాయని 2019లో వచ్చింది. నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్‌కి మాత్రం దురద మందుగా అనుమతి ఉందా? డాక్టర్లు రాయట్లేదా?

శ్రీధర్:
రాస్తారు. కానీ గాబాపెంటిన్ 300 మిల్లీగ్రాములు అని ఉంటే లోపల అంతే ఉంటుందన్న నమ్మకం ఉంది. మీ అమెరికాలోనే ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకుల్ని పరీక్షిస్తే లేబుల్‌తో సరిపోయినవి 26. టీహెచ్‌సీ, అంటే మత్తెక్కించేది, 18 వాటిలో బయటపడింది. ఇది 2017 మాట. ఇక మీరు చెప్పిన డచ్ నూనెలో టీహెచ్‌సీ కూడా కలిసే ఉంది. మరి దురద తగ్గించింది సీబీడీయేనని ఎలా అంటాం? నా అభ్యంతరం మొక్క మీద కాదు, సీసా మీద.

కిరణ్:
సీసా గురించి ఒప్పుకుంటా. అలాగైతే ల్యాబ్ రిపోర్టు ఉన్నది చూసి, డాక్టరుకి చెప్పే పూయండి అనండి. వద్దే వద్దంటే జనం చాటుగా పూస్తారు.

నందిని:
వాల్‌ప్రోయేట్ లేదండీ, ఐరన్ సిరప్ ఒక్కటే. గాబాపెంటిన్ గురించి మా డాక్టరమ్మని ముందు అడుగుతాను, నూనె సంగతీ దాచను. కిరణ్ గారూ, ఒకటి చెప్పండి: నూనె పూశాక సిలికాన్ కట్టు నిలుస్తుందా, జారిపోతుందా? మా వాడికి కట్టు జారితే ఆ రాత్రికి అంతే.