జార్జ్ ఇన్: కూల్చేసిన రెండు వైపులూ మళ్లీ కట్టాలా, వద్దా?

గోదారిగట్టు:
పోయిన శనివారం లండన్ బ్రిడ్జి దగ్గర బరో హై స్ట్రీట్‌లో ఉన్న జార్జ్ ఇన్‌కి వెళ్లాను. గుర్రపు బగ్గీల కాలం నాటి సత్రం, ఇప్పుడు పబ్బు. 1676లో ఆ పేట తగలబడ్డాక మరుసటి ఏడాది కట్టిన భవనం. అప్పట్లో నడిమి వాకిలికి మూడు వైపులా ఉండేది. 1889లో గ్రేట్ నార్తర్న్ రైల్వే రెండు వైపులు పడగొట్టేసింది. మిగిలిన ఒక్క వైపునీ 1937 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. లండన్‌లో వరండాలున్న బగ్గీ సత్రం ఇదొక్కటే మిగిలింది. అలాంటప్పుడు పోయిన రెండు వైపులూ మళ్లీ కడితే తప్పేంటి? నడిచి వెళ్లేంత దూరంలో షేక్‌స్పియర్ కాలం నాటి గ్లోబ్ థియేటర్‌ని మళ్లీ కట్టి 1997లో కొత్తగా తెరవలేదా? గడ్డి కప్పుతో సహా!

సున్నంపని:
గ్లోబ్ సంగతి వేరండీ. అక్కడ పాత కట్టడం నిలబడి లేదు, కాబట్టి కొత్తది కొత్తదేనని అందరికీ తెలుసు. ఇక్కడ అసలు పక్కనే నకలు నిలబడుతుంది. పదేళ్లు వానకు తడిసి రంగు మాసిందంటే ఏది ఏదో ఎవరు చెప్తారు? ఇప్పటికే ఈ గోడల మధ్య షేక్‌స్పియర్ తాగాడని చెప్పేవాళ్లున్నారు. ఆయన పోయింది 1616లో, ఈ గోడలు లేచింది 1677లో.

గోదారిగట్టు:
మండువా ఇంట్లో మూడు వైపులు కూల్చేసి ఒక వసారా ఉంచితే దాన్ని మండువా అంటారా? అక్కడ నిలబడితే నాకు అలాగే అనిపించింది. ఒక పక్క పాత చెక్క వరండా, మిగతా పక్కలు మామూలు భవనాలు. వాకిలికి అర్థమే పోయింది.

పట్టాలపక్క:
అక్కడికి దగ్గర్లోనే నా ఆఫీసు, వారానికోసారైనా వెళ్తాను. ఆ వరండాలు అందానికి పెట్టినవి కావు. పై గదులకు లోపల నడవా ఉండేది కాదు, తలుపు తీస్తే వరండాయే. లండన్ చలిలో అర్ధరాత్రి గది వెతుక్కుంటూ ఆ వరండా వెంట నడవాల్సిందే! కింద బగ్గీ ఆగితే పైనుంచి కటకటాల మీద వాలి ఎవరొచ్చారో చూసేవాళ్లట. ఇప్పటికీ కింది నుంచి చూడండి, వరండా గీత తిన్నగా ఉండదు, చెక్క కుంగింది. ఒక భాగానికే వరండాలు, మిగతాది ఇటుక గోడ, పైకి జరిపే కిటికీలు. అంటే ఉన్న ఒక్క వైపే రెండు రకాలుగా ఉంది. పోయినవి ఎలా కడతారు? ఏ నమూనాతో?

గోదారిగట్టు:
పాత ఫొటోలు, బొమ్మలు ఉన్నాయిగా.

సున్నంపని:
ఫొటోలో చెక్క కనిపిస్తుంది, చెక్కలో చెక్క ఎలా దూర్చారో కనిపించదు. మా ఊళ్లో పాత సత్రానికి ఇలాగే చేశారు. పడిపోయిన వైపు "అచ్చం పాతదానిలాగే" అని సిమెంటు స్తంభాలు పోసి, పాత టేకు స్తంభాలతో కలిపి అన్నిటికీ ఒకే ఎనామిల్ రంగు కొట్టారు. ఇప్పుడు గోరుతో గీకితే తప్ప తేడా తెలియదు. మా అబ్బాయికి చూపిద్దామని తీసుకెళ్లి నేనే సిమెంటు స్తంభాన్ని చూపించాను.

ఇంకోటి. రైలు మింగింది రైలు మింగినట్టే కనపడాలి. 1836లో లండన్ బ్రిడ్జి స్టేషన్ వచ్చాక బగ్గీల పని అయిపోయింది. పక్కనే ఉన్న టబార్డ్ సత్రం, పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్ తన కథల్లో యాత్రికులను బయల్దేరదీసిన చోటు, దాన్నీ 1873లో పడగొట్టారు. ఈ వీధి కథంతా ఆ ఖాళీలోనే ఉంది.

పట్టాలపక్క:
నా మాట వినండి. కట్టొద్దు. పాత గోడలు ఎక్కడ ఉండేవో నేల మీద వేరే రంగు రాతితో గీత గీయండి. వాకిలి కొలత తెలుస్తుంది, నకలూ ఉండదు.

సున్నంపని:
దానికి నాకు అభ్యంతరం లేదు.

గోదారిగట్టు:
ఆ వాకిలి నిండా బీరు బల్లలే ఉన్నాయండీ. నేను కూర్చున్న బల్ల కింద ఏ రాయి ఉందో కూడా చూడలేదు. ముందు బల్లలు జరిపించండి, తర్వాత గీత సంగతి చూద్దాం.