గుమ్మడి తీగ బారుగా పాకుతోంది, వేరు మాత్రం బలంగా లేదు. ఏం చేయాలి?

మధురవాడ పెరడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది విశాఖ మధురవాడలో కొండవాలు పక్క ఇల్లు. పెరట్లో ఎర్రనేల, పార వేస్తే గులకరాళ్లు తగులుతాయి. జూన్ చివర్లో నర్సరీ నుంచి గుమ్మడి, ఆనప (సొర) నారు తెచ్చి నాటాను. ట్రేలో పెంచిన నారు. ఆనప పందిరెక్కింది, గుమ్మడి నేల మీద బాగానే పాకుతోంది. కానీ వానలు కాస్త తెరిపిస్తే చాలు, మధ్యాహ్నానికి గుమ్మడి ఆకులన్నీ వాలిపోతున్నాయి. రోజూ పొద్దున, సాయంత్రం నీళ్లు పోస్తున్నా అంతే. మొన్న సముద్రపు గాలికి తీగ మొత్తం ఒక పక్కకి దొర్లింది, మొదలు దగ్గర పట్టు లేనట్టు ఊగుతోంది.

విత్తనాల షాపులో అడిగితే వేర్లు పెరగడానికని ఒక సీసా ఇచ్చారు. ఆరు వందలు. రెండుసార్లు పోశాను, తేడా ఏమీ కనిపించలేదు. దసరాకి సొంత పెరటి కాయ కోయాలని ఉంది. పెద్దలు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

పెందుర్తి పాదులు:

అమ్మా, ముందు ఆ సీసా పక్కన పెట్టండి. వేరుకి కావలసింది గుల్లమట్టి, గాలి, లోతుగా దిగే నీళ్లు. ఇవి లేనిచోట ఏ మందు పోసినా డబ్బు దండగ.

మధ్యాహ్నం ఆకు వాలడం గురించి టెన్షన్ పడకండి. గుమ్మడి ఆకు వెడల్పు ఎంతుంటుందో చూస్తున్నారుగా, ఎర్రటి ఎండలో దాని నుంచి ఆవిరైపోయే నీటిని వేర్లు అంత వేగంగా అందించలేవు. మట్టిలో తడి ఉన్నా వాలుతుంది. సాయంత్రానికి తలెత్తితే వదిలేయండి. తెల్లారి ఆరింటికి కూడా వాలి ఉంటే అప్పుడు ఆలోచించాలి. వాలిందని మధ్యాహ్నం మళ్లీ నీళ్లు పోస్తే మట్టిలో గాలి ఆడక ఉన్న వేర్లు కూడా కుళ్లుతాయి.

రోజూ రెండు పూటలా పోయడం మానండి. పైపైన రెండంగుళాలు తడిస్తే వేరు కూడా ఆ రెండంగుళాల్లోనే తిరుగుతుంది. కిందికి దిగాల్సిన పని దానికి లేదు. మొదలుకి అడుగున్నర దూరంలో చుట్టూ చిన్న కాలువ తీసి, అందులో నిదానంగా, నేల ఇక తాగను అనేదాకా పోయండి. మళ్లీ పోసే ముందు వెదురు పుల్ల జానెడు లోతు గుచ్చి చూడండి. పుల్లకి తడిమట్టి అంటితే ఆ రోజు నీళ్లు వద్దు. తీగ సాగేకొద్దీ ఆ కాలువని కూడా బయటికి జరుపుకుంటూ పోవాలి. తల్లివేరు కిందికి పోయినా, తిండి తెచ్చే పీచు వేర్లు ఎక్కువగా పై అడుగు మట్టిలోనే ఉంటాయి, తీగతో పాటే దూరం పాకుతాయి. కలుపు కూడా అందుకే చేత్తో పీకాలి. బొరిగ పెట్టి లోతుగా గీకితే తెగేవి ఆ వేర్లే.

ఇక నారు సంగతి. గుమ్మడి, ఆనప, బీర, పొట్ల, వీటన్నిటికీ వేరు కదిలిస్తే పడదు. ట్రేలో రెండు మూడు ఆకులు దాటేదాకా ఉంచితే తల్లివేరు అడుగుకి తగిలి మెలికపడుతుంది. మా అత్తగారు ఎప్పుడూ పాదులోనే గింజలు పెట్టేవారు. అడుగున్నర లోతు గొయ్యి, అందులో సగానికి పైదాకా చివికిన గత్తం (పశువుల ఎరువు), పైన మట్టి, నాలుగు గింజలు. మొలిచాక బలమైనవి రెండు ఉంచి మిగతావి గిల్లేసేవారు. పీకేవారు కాదు, పక్క మొక్క వేరు కదులుతుందని.

మీరు నాటిన మొక్కని ఇప్పుడు తవ్వి చూడకండి. దానికి కొత్త వేర్లు పుట్టించే మార్గం ఉంది, అదే అసలు సంగతి. నేల మీద పాకుతున్న తీగలో ఒక కణుపుని మెల్లగా పైకెత్తి అడుగు భాగం చూడండి. ఆకు కాడ, నులితీగ పుట్టే చోటే, కిందివైపు తెల్లటి చిన్న మొటిమ లాంటిది కనిపిస్తుంది. అది వేరు మొలక. తడిమట్టి తగిలితే వారం పది రోజుల్లో వేరై దిగుతుంది, ఎండునేల మీదో రాయి మీదో ఉంటే అలాగే ఎండిపోతుంది.

మొదలు నుంచి మొదటి రెండడుగులు వదిలేయండి. ఆ తర్వాత రెండు మూడు కణుపులకొకటి చొప్పున, కణుపు కింద నాలుగంగుళాల గుంట తీసి, రాళ్లు ఏరేసి, చివికిన గత్తం కలిపిన మట్టి నింపండి. గుప్పెడు వేపపిండి కూడా కలపొచ్చు. కణుపుని దాని మీద ఆనించి, కొబ్బరి ఈనెని మధ్యకి వంచి తీగ మీదుగా రెండు కొసలూ మట్టిలో గుచ్చండి. గాలికి కదిలితే లేత వేరు తెగిపోతుంది, అందుకే ఈనె. పైన రెండంగుళాల మట్టి కప్పండి, ఆకుని మాత్రం కప్పొద్దు. చిగురు వైపు చివరి నాలుగు కణుపులు కూడా వదిలేయాలి. ఆ మట్టి ఆరకుండా కొన్నాళ్లు చిలకరించండి, ఇక్కడ మాత్రం పైపై తడే కావాలి.

ఇలా వేరు పట్టిన ప్రతి కణుపూ తన నీళ్లు తను తాగుతుంది, తీగని నేలకి కట్టేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పందిరి ఆనపతో సహా కూలిపోయింది. నేల మీది గుమ్మడికి ఆకులు చిరిగి పీలికలయ్యాయి కానీ తీగ దొర్లలేదు. కణుపుల దగ్గర నుంచి మళ్లీ చిగుర్లు వేసింది. అప్పటి నుంచి నేను ఈ పని ఏ ఏడూ మానలేదు.

ఎంవీపీ మేడతోట:

పైన అమ్మ చెప్పిన పద్ధతి మేడ మీద కూడా పనిచేస్తుంది. నేను పెద్ద గ్రో బ్యాగ్‌లో గుమ్మడి వేసి, తీగ సాగాక పక్కన ఇంకో బ్యాగ్ మట్టి పెట్టి రెండు కణుపులు అందులో ఆనిస్తాను. ఒకే మొక్కకి రెండు బ్యాగుల వేర్లు. ఎండాకాలం తేడా బాగా తెలుస్తుంది.

ఒక్క మాట, మట్టి గుల్లగా ఉంటుందని బీచ్ ఇసుక తెచ్చి కలపకండి. అందులో ఉప్పు ఉంటుంది, లేత వేరు మాడిపోతుంది. కోకోపీట్ కూడా రెండు మూడు సార్లు మంచినీళ్లలో కడిగి పిండాకే వాడాలి, దానిలోనూ ఉప్పు ఉంటుంది.

అనకాపల్లి ఏజీ డిప్లొమా:

అండీ, పొద్దున్న పూట కూడా వాలి ఉండే తీగ ఏదైనా చచ్చిపోతే, దాన్ని పారేసే ముందు వేరు కడిగి చూడండి. వేర్ల మీద ఉబ్బెత్తుగా బుడిపెలుంటే అవి నులిపురుగుల వల్ల వచ్చినవి, అంటే నెమటోడ్లు, వేర్లలో చేరే కంటికి ఆనని పురుగులు. అప్పుడు నీళ్లూ ఎరువూ ఎంత పోసినా ఉపయోగం ఉండదు. ఆ చోట ఒక పంట కాలం బంతి వేయండి, వేపపిండి బాగా కలపండి, మళ్లీ అక్కడే తీగజాతి పెట్టొద్దు. బుడిపెలు లేకుండా వేరు గోధుమ రంగులో మెత్తబడి ఉంటే అది నీరు నిలిచి వచ్చిన కుళ్లు.

ఎరువు విషయంలో, యూరియా జోలికి పోకండి. నత్రజని ఎక్కువైతే ఆకు మీద ఆకు వస్తుంది, వేరు వెనకబడుతుంది. వేరుకి భాస్వరం ముఖ్యం. కాకపోతే మన ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియం ఎక్కువ కాబట్టి వేసిన భాస్వరంలో చాలా భాగాన్ని మట్టే పట్టేసుకుంటుంది. సూపర్ ఫాస్ఫేట్‌ని పైన చల్లడం కంటే గత్తంలో కలిపి వేరు దగ్గర పెడితే మొక్కకి అందుతుంది.

మధురవాడ పెరడు:

అందరికీ థాంక్స్. అమ్మా, ఇందాక కణుపులు ఎత్తి చూశాను, మీరు చెప్పిన తెల్ల మొలకలు ఉన్నాయి! రెండు డౌట్లు. పందిరి మీద ఉన్న ఆనపకి ఎలా? గుమ్మడికి అప్పుడే రెండు పిందెలు పడ్డాయి, ఉంచనా?

పెందుర్తి పాదులు:

పందిరెక్కిన తీగని కిందికి లాగొద్దు, విరుగుతుంది. మొదలు దగ్గర నేలకి ఆనుకున్న కణుపులు ఒకటో రెండో ఉంటాయి కదా, వాటి చుట్టూ గత్తం కలిపిన మట్టి ఎగదోయండి. మొదలు కాండం మాత్రం మునగకూడదు. పైన ఎండుటాకులు పరవండి, మీ వైపు జీడిమామిడి ఆకులు దొరుకుతాయి. బీర, కాకరకి కూడా అంతే. కణుపు వేరులో వాటికి గుమ్మడంత చురుకుదనం ఉండదు.

అన్ని తీగలకీ ఇది పనికిరాదు. చిలగడదుంపకి రైతులు తీగ ఎత్తి తిప్పుతారు, కణుపుల దగ్గర వేరు పట్టి అసలు దుంప ఊరడం తగ్గకుండా. దొండకైతే కణుపులున్న తీగ ముక్కే విత్తనం.

పిందెలు రెండూ గిల్లేయండి. మనసొప్పదు, నాకు తెలుసు. కానీ కాయ ఊరడం మొదలైతే మొక్క తిండంతా దానికే పోతుంది, వేరుకి మిగలదు. కప్పిన కణుపుల్లో కనీసం మూడింటికి వేరు పట్టాక వచ్చే పిందెలు ఉంచుకోండి. పట్టిందో లేదో చూడాలంటే ఈనె తీసి తీగని వేలితో కొంచెం పైకి అనండి. మట్టి వదలకపోతే పట్టినట్టే. దసరాకి పండుకాయ అందకపోవచ్చు, కూరకి లేతకాయ అందుతుంది. పండుకాయ దీపావళి నాటికి కోసుకోవచ్చు.